సోన్ లేని రోజు

సియోల్,
28 అక్టోబర్ 1990

అక్కా,

గది దొరికింది. ముందు ఆ ముక్క రాసేస్తున్నాను. లేకపోతే అసలు సంగతి వదిలేసి లోకాన్ని ఉద్ధరిస్తూ కూర్చుంటానని నువ్వే అంటావు.

బోరి చేరాల్సిన చెవిటి పిల్లల బడి ఒక కొండ కింద ఉంది. ఆ కొండ మీదే గది. మెట్లు దిగితే బడి గేటు. ఆ చోటుని అందరూ చందమామ వాడ అంటారు. చందమామకి అంత దగ్గరగా పేదవాళ్ళు కాక ఇంకెవరు కాపురం ఉంటారు? నిన్న పొద్దున్నే వెళ్ళాను. నది మీంచి పొగమంచు లేచి కింద నగరమంతా మునిగిపోయింది. బ్యాంకులు, పెద్ద భవనాలు, నేను పనిచేసే అచ్చుకూటం, మా యజమాని, అతని బట్టతల, అన్నీ మునిగాయి. ఈ కొండ ఒక్కటే తేలుతోంది. గాలికి ఎగిరిపోకుండా కప్పుల రేకుల మీద పాత టైర్లు పెట్టుకున్నారు. దూరం నుంచి చూస్తే కొండ నల్ల బొత్తాల కోటు తొడుక్కున్నట్టుంది. ఒక ముసలాయన కప్పు మీద ముల్లంగి ముక్కలు ఎండబెడుతూ నావైపు ఒకటి విసిరాడు, గది ఖాళీ ఉందని చెప్పిందీ ఆయనే. తిన్నాను. కాస్త చేదు, కాస్త తీపి.

అక్కడ క్షేమమేనా అని అడిగావు. క్షేమం అనే మాట ఎవరు పుట్టించారో ఎప్పుడైనా ఆలోచించావా? ప్రహరీ గోడ మీద గాజుపెంకులు నాటినవాడు పుట్టించాడు. కిందటి వారం మేం మడతలు పెట్టిన ఒక కరపత్రంలో ఉంది: తాళం కప్పని కనిపెట్టినవాడే దొంగని కూడా కనిపెట్టాడట. అది చదివినప్పటి నుంచి నాకు తాళం చూస్తే ఒళ్ళు మండుతోంది. ఈ కొండ మీద తాళాలు లేవక్కా. కొన్ని ఇళ్ళకి తలుపులే లేవు!

కలంలో సిరా అయిపోయింది. ప్రూఫులు దిద్దే ఎర్ర కలంతో ముగిస్తున్నాను. బోరికి మామయ్య ముద్దులు. బోరి, బోరి, బోరి.

నీ తమ్ముడు
హన్‌గిల్


యోసు,
9 నవంబర్ 1990

హన్‌గిల్,

ఉత్తరం చేరింది. అందులో పొగమంచు ఉంది, టైర్లున్నాయి, మీ యజమాని బట్టతల కూడా ఉంది. మరుగుదొడ్డి ఎక్కడో లేదు. నీళ్ళు ఎంత దూరం నుంచి మోయాలో లేదు. తలుపులు లేని ఇళ్ళున్నాయని సంబరపడ్డావు. తలుపులు లేని ఇళ్ళంటే మనుషులు లేని ఇళ్ళు కదరా బాబూ. ఎందుకు లేరు? ఎక్కడికి పోయారు? ఇప్పుడు వాటిలో ఎవరు దూరుతున్నారు?

అన్నట్టు, బోరి పేరు ఎర్ర సిరాతో రాశావు. అత్తయ్య చూసి ఉత్తరం తీసుకుని పొయ్యి దగ్గరికి నడిచింది. ఆ మూల చింపి, నిప్పులో వేసి, మిగతాది నా చేతిలో పెట్టింది. "మీ తమ్ముడి బుర్ర నిండా కాగితాలేనా? చచ్చినవాళ్ళ పేర్లు రాసే రంగని కూడా తెలీదా వాడికి?" అంది. మామయ్య తన పేరు రాస్తే మామ్మ ఎందుకు కాల్చిందని బోరి చేతులతో అడిగింది. చలి వేసి కాల్చిందని చెప్పాను.

నువ్వు కోపం తెచ్చుకోకు. నాకు ఒక్కటే భయం. దానికి నాలుగో ఏట జ్వరంతో పాటే వినికిడి పోయింది. ఇక్కడి బడిలో చివరి బెంచీలో కూర్చోబెట్టి బొమ్మలు వేసుకోమంటున్నారు. మార్చిలో ఆ బడిలో చేర్చకపోతే ఇంకో ఏడాది బొమ్మలే. ఆ చుట్టుపక్కల మనకి అందే గది ఆ కొండ మీద తప్ప లేదని నాకూ తెలుసు. మీ బావ ఓడ దక్షిణ సముద్రాల్లో ఎక్కడుందో! నేను పగలంతా, కొన్నాళ్ళు రాత్రిళ్ళు కూడా పనిలో ఉంటాను. వెనకనుంచి బండి వస్తే దానికి వినపడదు. ఎవరైనా పిలిచినా వినపడదు. తరిమినా వినపడదు.

అందుకని మళ్ళీ వెళ్ళు. పొద్దున కాదు, పొద్దువాలాక. ఆరేసిన బట్టలు చీకటి పడ్డా తీగల మీదే ఉన్నాయేమో చూడు. పనినుంచి వచ్చే ఆడపిల్లలు ఏ మలుపు దగ్గర అడుగు వేగం పెంచుతున్నారో చూడు. అన్నిటికన్నా ముఖ్యం, నిన్ను ఎవరైనా ఆపి "ఎవరు నువ్వు?" అని అడిగారో లేదో చూడు. అడగకపోతే ఆ వాడ మనకి వద్దు.

సముద్రపు గుల్లలు ఒలిచే షెడ్డు నుంచి వచ్చి రాస్తున్నాను, కాగితానికి ఉప్పు వాసన వస్తే ఓర్చుకో.

అక్క
యోన్‌హ్వా


సియోల్,
25 నవంబర్ 1990

అక్కా,

ఒక పిల్ల పేరు ఏ రంగులో రాస్తే బతుకుతుంది, ఏ రంగులో రాస్తే చస్తుంది! ఇరవయ్యో శతాబ్దం చివర్లో ఉన్నామని అత్తయ్యగారికి ఎవరైనా చెప్పండి. ఎర్రరంగు గురించి నేను ఒక పుస్తకమే రాయగలను. రాయను. నీ కోసం నల్ల సిరా కొన్నాను, చూడు.

సాయంత్రం వెళ్ళాను. నువ్వన్నది నిజమే, తలుపులు లేనివి ఖాళీ ఇళ్ళు. కింది వరసలన్నీ కూల్చి ఎత్తయిన అపార్ట్‌మెంట్లు కట్టాలని ఒక కంపెనీ కొంటోంది. కొన్న ఇంటి గోడ మీద ఎర్ర రంగుతో పెద్ద సున్నా చుడతారు. సున్నాలు కింద నుంచి పైకి పాకుతున్నాయి. నేను రాసిన గది మలుపు దగ్గర, ఒక దుకాణం వెనకాల ఉంది. సున్నాలు ఇంకా అంతవరకూ రాలేదు. ఖాళీ ఇళ్ళలో తాగుబోతులున్నారు, ఇద్దర్ని చూశాను, ఒకడు ఏడుస్తున్నాడు. బట్టలు చీకటి పడకముందే తీసేశారు. ఆడపిల్లలు ఖాళీ ఇళ్ళ వరస దగ్గర వేగంగా నడిచి, దుకాణం దీపం కనబడగానే నెమ్మదించారు. మరుగుదొడ్డి మూడిళ్ళకి ఒకటి. నీళ్ళు పైపులో వస్తాయి, చలికి గడ్డకడితే రావు. చాలా?

ఇక "ఎవరు నువ్వు" అన్న ప్రశ్న. అడిగారు! నీ మాట విన్నందుకు అవమానం మిగిలింది. ఆ దుకాణంలో బొగ్గుబిళ్ళలు, నూడుల్స్, సారా అమ్మే ఒక ఆవిడ ఉంది. కంగ్నుంగ్ నుంచి కోడలుగా వచ్చిందట, అందరికీ కంగ్నుంగ్ పిన్ని. కిటికీలోంచి తల బయటపెట్టి,

"ఏయ్ పొడుగాటోడా, ఎవరింటికి?" అంది.

"ఎవరింటికీ కాదు. చూస్తున్నాను."

"చూడ్డానికి ఇక్కడేమన్నా ఏనుగులున్నాయా? టేపు ఏ జేబులో పెట్టావు? కంపెనీ ఎంతిస్తోంది కొలిచినందుకు?"

"నేను వాళ్ళ మనిషిని కాదు! నేను ప్రజల పక్షం!"

"అలాగా. అయితే ప్రజల్ని బూటు లేసు కట్టుకోమను, మెట్ల మీద బోర్లా పడతారు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేను లేసు కట్టుకోకుండానే దిగి వచ్చేశాను. ఆవిడ కంపెనీ గూఢచారి అయ్యుంటుందని నా అనుమానం.

కానీ ఒక గొప్ప సంగతి. కంపెనీ గూండాలు కూల్చడానికి వస్తే మొదట చూసినవాళ్ళు ఇత్తడి బేసిను మోగిస్తారు. ఆ మోత వినగానే ఇంటింటి నుంచీ జనం చీపుర్లు, కర్రలు పట్టుకుని మెట్ల మీదికి వస్తారు. ఒక్క మోతకి కొండంతా లేస్తుంది! ఏ కరపత్రంలోనూ ఇంత అందమైన ఏర్పాటు చదవలేదు. ఇంకేం క్షేమం కావాలక్కా?

పిడికిలి బిగించి,
హన్‌గిల్


యోసు,
6 డిసెంబర్ 1990

తమ్ముడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఆ పిన్ని మాటలకి నవ్వాను. రెండోసారి బేసిను దగ్గర ఆగిపోయాను.

ఒక్క మోతకి కొండంతా లేస్తుందన్నావు. నిజమే. కొండంతా లేచి మెట్ల మీదికి పరిగెత్తాక, నా కూతురు ఒక్కతే ఆ గదిలో నిద్రపోతూ ఉంటుంది.

నీ తప్పేం లేదు. దానికి వినపడదన్న సంగతి నేనే ఒక్కోసారి మరిచిపోతాను. మొన్న వంటింట్లోంచి "బోరీ, మంచు పడుతోంది చూడూ" అని కేకేశాను. పలకలేదు. ఈ పిల్లకి ఇంత పొగరేంటని విసుగ్గా వెళ్ళి చూస్తే, అది అప్పటికే కిటికీ దగ్గర నిలబడి అరచెయ్యి చాపి మంచుని పట్టుకుంటోంది.

ఆ గది వద్దులే. వచ్చే ఏడాది చూద్దాం. ఆ పిన్నిని గూఢచారి అనకు. వచ్చేపోయేవాళ్ళని ఆపి అడిగే మనిషి ఉండటం మంచిదే. కానీ ఆవిడ అడిగేది కూడా గొంతుతోనే కదా.

ఎండు సముద్రపు నాచు కట్ట పంపుతున్నాను. యజమానితో పోట్లాడి అన్నం మానేయకు.

నీ అక్క


సియోల్,
23 డిసెంబర్ 1990

అక్కా,

నీ ఉత్తరం చదివి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ చెవుల మీద నాకే కోపం వచ్చింది. వాటిలో దూది కుక్కాను, దాని మీద మైనం మెత్తాను, టోపీ లాగాను, చందమామ వాడకి వెళ్ళాను. బోరిలా నడిచి చూద్దామని.

అప్పుడే మంచు మొదలైంది. అక్కా, ఎలా చెప్పను! లోకం ఎవరో నీళ్ళలో ముంచి పట్టుకున్నట్టుంది. కుక్క నోరు తెరుస్తుంది, మూస్తుంది. ఒక ఆవిడ గుమ్మంలో చాప దులిపింది, దుమ్ము మాత్రం లేచింది. మంచు ఎప్పుడూ చప్పుడు చెయ్యదు గనుక అదొక్కటే నాకు మామూలుగా అనిపించింది. ఈ లోకంలో బోరికీ నాకూ సమానంగా వినపడేది మంచు ఒక్కటే అనుకుంటూ, ముఖం పైకెత్తి, కల్లో నడిచినట్టు నడిచాను. మెట్ల మీద దీపాలు ఒకటొకటే వెలిగాయి. ఒక్క క్షణం అనుకున్నాను, ఇది దేవతలు తిరిగే చోటని.

తరవాతి క్షణం నా కాలరు ఎవరో పట్టుకుని గోడకేసి కొట్టారు. మెట్ల పక్క వాలులో నన్ను రాసుకుంటూ బొగ్గుబిళ్ళల తోపుడుబండి జారిపోయింది, బ్రేకు పట్టక. కాలరు పట్టుకున్నవాడు బండివాడే. పెద్ద మీసాలు, ముఖమంతా మసి. నోరు ఎంత పెద్దదిగా తెరిచి తిట్టాడో! ఒక్క మాట వినపడలేదు. నాకు భయం వేసిందక్కా. తిట్టు వినపడితే తిరిగి తిట్టొచ్చు. నోరు మాత్రమే కనపడితే ఏడుపొస్తుంది.

కంగ్నుంగ్ పిన్ని వచ్చి నా టోపీ లాగింది, చెవులు చూసింది, వేలు పెట్టి దూది పీకింది. "పిచ్చెక్కిందా? చావడానికి మా మెట్లే దొరికాయా?" అంది. అప్పుడు చెప్పాను, మా అక్క కూతురికి వినపడదు, దాని కోసం చూస్తున్నాను అని. ఆవిడ మొహం తిప్పేసుకుని లోపలికి పోయింది. ఆ గది ఆవిడదేనట, చెవిటి పిల్ల అనగానే గది లేదన్నట్టు తిప్పేసిన మొహం! నాకు మండిపోయింది. దుకాణం ముందు సారా తాగుతున్నవాళ్ళందరి మీదా అరిచాను: "మీ బేసిను చెవులున్నవాళ్ళకేనా? చెవులు లేనివాళ్ళు ప్రజలు కారా?" బండివాడు నన్ను చంకన ఇరికించుకుని మెట్ల కింద దించేశాడు.

నువ్వే గెలిచావు. రావద్దు. ఇంకో కారణం కూడా ఉంది. సైన్యం నుంచి పిలుపు కాగితం వచ్చింది. ఫిబ్రవరి మొదటివారంలో శిక్షణ శిబిరంలో చేరాలి. రోజూ బోరిని బడికి దించి తెస్తానని మనసులో లెక్కలు వేసుకున్నాను. ఆ లెక్కలన్నీ మంచులో పోయాయి. ఈ దేశం నన్ను ఎవర్ని కాపాడమంటోందో నాకు తెలీదు. కాపాడాల్సినవాళ్ళు ఎవరో మాత్రం తెలుసు.

హన్‌గిల్


యోసు, మీ ఇల్లు,
9 జనవరి 1991

అక్కా,

నీ గదిలో, నీ దుప్పటి మీద కూర్చుని నీకే ఉత్తరం రాస్తున్నాను. నవ్వు. అత్తయ్యగారు ఇప్పటిదాకా నవ్వుతూనే ఉన్నారు.

సైన్యంలోకి పోయేముందు చెప్పకుండా వచ్చి నిన్నూ బోరినీ ఆశ్చర్యపరుద్దామని రైలెక్కాను. గుమ్మంలో అత్తయ్యగారు. "మీ అక్క నిన్న రాత్రి బండికి పాపని తీసుకుని సియోల్ పోయిందయ్యా. బడి చూసి, ఆ కొండ తన కళ్ళతో చూసి వస్తానని. నీకు చెప్పొద్దంది, చెబితే నువ్వు ముందే వెళ్ళి ఎవరితోనో తగువు పెట్టుకుంటావట."

రైలు ఒక చిన్న స్టేషన్లో ఎదురుబండి కోసం ఆగింది. తెల్లవారుతోంది, అంతా మంచు. ఎదురుబండి చాలా నెమ్మదిగా పక్కనుంచి వెళ్ళింది. ఆవిరి పట్టిన కిటికీలు ఒకదాని వెనక ఒకటి. ఒక కిటికీ మీద చిన్న అరచెయ్యి ముద్ర ఉంది, దానిలోంచి లోపలి దీపం కనిపించింది. ఎవరి పిల్లో అనుకుని నేనూ నా అద్దం మీద అరచెయ్యి ఆనించాను. నిజంగా మన బోరిదే అంటావా?

అత్తయ్యగారు గుల్లలు వేసి అన్నం పెట్టారు, ఎర్ర కలం గురించి రెండు చివాట్లూ పెట్టారు. తరవాత క్యాలెండరు తీసి చూపించారు. ఒకవేళ మారడమంటూ జరిగితే ఫిబ్రవరి ఇరవై నాలుగునే మారాలట, అది సోన్ లేని రోజట. మిగతా రోజుల్లో ఏదో ఒక దిక్కున ఆ పాడు సోన్ దారి కాస్తుందట, ఇల్లు మారేవాళ్ళ వెంట పడుతుందట. ఆ రోజు మాత్రం అది ఆకాశానికి పోతుందట. "అత్తయ్యగారూ, దారి కాసేది దయ్యం కాదు, కంపెనీ. అది ఏ రోజూ ఆకాశానికి పోదు," అన్నాను. "తిను, చల్లారిపోతోంది," అన్నారు.

సాయంత్రం బండికి వెళ్ళిపోతున్నాను. మళ్ళీ ఎక్కడో దాటిపోతామేమో. అద్దం మీద చెయ్యి పెట్టి కూర్చుంటాను.

నువ్వు లేని నీ ఇంటి నుంచి,
హన్‌గిల్


యోసు,
16 జనవరి 1991

ఒరే హన్‌గిల్,

చెయ్యి బోరిదే. దారి పొడవునా అద్దాల మీద ముద్రలు వేస్తూనే ఉంది. రెండు బళ్ళ మధ్య చెయ్యి చాపితే అందేంత దూరంలో దాటిపోయామన్నమాట. మీ అచ్చుకూటానికి వెళితే మీ యజమాని "ఉపన్యాసాల రాయుడు ఊరెళ్ళాడు," అన్నాడు. బట్టతల నిజంగానే పెద్దది.

ఇప్పుడు కొండ సంగతి. మలుపు దగ్గరికి ఎక్కేసరికి కిటికీలోంచి తల బయటికొచ్చింది. "ఎవరింటికమ్మా?" అంది. పేరు చెప్పి, పాపకి వినపడదన్నాను. ఆవిడ కిందకి వంగి బోరి మొహంలోకి చూసింది. "ఓహో, దూది చెవులోడి మేనకోడలా?" అంటూ పొయ్యిలోంచి చిలగడదుంప తీసి, రెండు ముక్కలు చేసి, ఊది, దాని చేతిలో పెట్టింది.

"మా తమ్ముణ్ణి చూసి మొహం తిప్పుకున్నారటగా," అన్నాను. నేనూ నీ అక్కనే కదా.

"తిప్పుకోక? అంత పొడుగాటి మగాడు చెవుల్లో దూది కుక్కుకుని మంచులో నిలబడి, మా పాప కోసం అంటుంటే, వాడి ముందు కూర్చుని ఏడవమంటావా? నా మర్యాదేం కాను?"

ఇదిగో, నువ్వు చూసిన మొహానికి అర్థం ఇది.

లోపలికి తీసుకెళ్ళి గది చూపించింది. నేల వెచ్చగా ఉంది, కప్పు మూల కాస్త కారుతుంది. గోడలో, పడుకుంటే భుజం వచ్చే ఎత్తులో, ఒక కన్నం. దానిలోంచి ఒక తాడు. అటు కొస ఆవిడ పడక దగ్గర. నువ్వు అరిచి పోయిన మర్నాడే మేకు కాల్చి గోడకి కన్నం పెట్టిందట. "బేసిను మోగితే ముందు ఈ తాడు లాగుతాను, తరవాతే చీపురు పట్టుకుంటాను. పిల్ల చేతికి కట్టుకుని పడుకోవాలి. పగలైతే బండి మీసాలోడు తన బండికి ఎర్ర గుడ్డ కట్టి, పిల్లకి కనపడేలా దాని ముందు నడిపిస్తానన్నాడు. అరిస్తే అరిచాడు గానీ మీవాడు, మాకు ఆ ఆలోచన రాలేదు కదా," అంది.

బోరిని పడుకోబెట్టి, తాడు చేతికి చుట్టి, ఆవిడ అటు వెళ్ళి లాగింది. బోరి కళ్ళు ఎంత పెద్దవయ్యాయో! వెంటనే తనూ లాగింది. గోడ అవతల నుంచి ఆవిడ, "అమ్మో, చేప పడింది!" అని కేక పెట్టింది. ఆ కేక బోరికి వినపడలేదు. మళ్ళీ తాడు కదిలింది. మళ్ళీ ఇది లాగింది. చిలగడదుంప చల్లారిపోయేదాకా అదే ఆట.

కప్పు కారుతుంది, తాగుబోతులున్నారు, సున్నాలు పాకుతున్నాయి. నువ్వూ ఉండవు. అన్నీ తెలిసే చెబుతున్నాను, మేం వెళ్తాం. మీ బావకి తంతి కొట్టాను. ఓడ నుంచి "నీ ఇష్టం" అని రెండు మాటలొచ్చాయి. అంత దూరం నుంచి ఆ మాత్రం చాలు.

వెళ్ళేముందు ఆ లేసు గట్టిగా కట్టుకోరా.

అక్క


యోసు,
8 ఫిబ్రవరి 1991

హన్‌గిల్,

నీకు గుండు కొట్టేసి ఉంటారు. చలికి టోపీ పెట్టుకో. ఈ ఉత్తరం శిబిరంలో ఎవరైనా ముందు విప్పి చదివితే, అయ్యా, ఇందులో ఉన్నది ఒక చిన్నపిల్ల గొడవే.

బోరి రానంటోంది. మొన్నటిదాకా రోజూ ఒక దారం నా చేతికి కట్టి లాగేది. ఇప్పుడు తన బూట్లు బియ్యం డబ్బాలో దాచేసింది. చేతులు చొక్కా చేతుల్లోకి లాక్కుని, ముడుచుకుని కూర్చుంటోంది. కొండ భయమా అంటే కాదు. బడి భయమా అంటే కాదు. చివరికి నిన్న క్యాలెండరు దగ్గరికి లాక్కెళ్ళి చూపించింది. ఇరవై నాలుగో తేదీ కింద అత్తయ్య రాసిపెట్టింది కదా, సోన్ లేని రోజు అని.

మన భాషలో దారి కాసే ఆ దయ్యమూ సోనే, చెయ్యీ సోనే. నీకూ నాకూ ఎప్పుడూ తికమక రాలేదు, ఎవరో ఒకరు పక్కనుండి చెప్పారు. దానికి ఎవరు చెప్పారు? చదివితే రెండూ ఒకటే. పెదాల మీద చూసినా ఒకటే.

అది ఏం అడిగిందో తెలుసా? "ఆ రోజు ఎవరికీ చేతులుండవా? నీకూ ఉండవా? మరి నాతో ఎలా మాట్లాడతావు? తాడు ఎవరు లాగుతారు?"

దయ్యం అని చెబుదామని చేతులెత్తాను. దయ్యానికి మా ఇద్దరి సైగల్లో గుర్తే లేదు. బొమ్మ వేసి చూపిస్తే ఇంకా భయపడింది, చేతులు లేని రోజున ఇది కూడా వస్తుందా అని. రోజు మార్చుదామంటే అత్తయ్య ఏడుపు. బోరి ఏడుపు ఒకవైపు, ఆవిడ ఏడుపు ఒకవైపు. నీ కరపత్రాల్లో దీనికేమైనా మందుందా?

యోన్‌హ్వా


శిక్షణ శిబిరం,
16 ఫిబ్రవరి 1991

అక్కా,

కరపత్రాల్లో లేదు. అవి రాసినవాళ్ళలో ఎవరికీ బోరి తెలియదు.

ఇక్కడ రోజంతా అరుపులే. ఎడమ, కుడి, కూర్చో, లే. చెవుల్లో దూది పెట్టుకున్న ఆ సాయంత్రాన్ని తలుచుకుంటూ నిద్రపోతున్నాను. నిన్న కవాతులో అందరూ కుడికి తిరిగితే నేను మంచుని చూస్తూ ఎడమకి తిరిగాను. శిక్షగా మంచు ఎత్తిపోయించారు. వాళ్ళకి అది శిక్ష.

అత్తయ్యగారి మీద కోప్పడదామని కాగితం తీశాను. కోపం రాలేదు. ఆవిడా అడుగుతున్నది నువ్వడిగిందే కదా, పిల్లకి ఏమీ కాకూడదని. నువ్వు ఆరేసిన బట్టలు చూడమన్నావు, ఆవిడ క్యాలెండరు చూసింది. నేను మాత్రం రెంటినీ చూసి నవ్వాను. రోజు మార్చకు. బోరికి జవాబు నేను చెప్పలేను, నువ్వూ చెప్పలేవు. ఆ కొండే చెప్పాలి. చెబుతుందో లేదో నాకు తెలియదు. ఆ సంగతి పిన్నికి ఒక ముక్క రాసి పడెయ్యి.

ఆ రోజు లోకంలో ఎక్కడా ఒక్క చెయ్యీ లేకపోయినా బోరికి ఒకటి ఉండాలని, నా ఎడమ చెయ్యి కాగితం మీద ఆనించి చుట్టూ గీసి పంపుతున్నాను. చూపుడు వేలు వంకరగా వచ్చింది, చలికి వణికింది. దాన్ని జేబులో పెట్టుకుని మెట్లెక్కమను.

హన్‌గిల్


సియోల్, చందమామ వాడ,
1 మార్చి 1991

తమ్ముడూ,

నీ చెయ్యి జేబులో పెట్టుకునే వచ్చింది. తన చేతులు మాత్రం చొక్కా చేతుల్లోంచి తీయలేదు. లారీలో అత్తయ్యకీ నాకూ మధ్య, చేతుల్లేని బొమ్మలా కూర్చుంది. నేను మాట్లాడదామని చేతులెత్తితే కళ్ళు మూసుకునేది.

లారీ మెట్ల కింద ఆగింది, పైకి పోదుగా. సామాను దించి లారీవాడు వెళ్ళిపోయాడు. పరుపులు, ఊరగాయ జాడీలు, కుట్టుమిషను, బియ్యం డబ్బా, అన్నీ మంచులో. ఎదురుగా ఎర్ర సున్నాల ఇళ్ళు. పిన్నికి రాసిన ఉత్తరం చేరిందో లేదో, మెట్ల మీద ఒక్క నరపురుగు లేదు. ఆదివారం, చలి, తలుపులన్నీ మూసి ఉన్నాయి. బోరి నావైపు చూసింది. చూశావా, నేను చెప్పలేదా అన్నట్టు. అప్పుడు అనుకున్నాను హన్‌గిల్, పిల్లని తీసుకొచ్చి ఎక్కడ నిలబెట్టానురా దేవుడా అని.

అప్పుడు పైన బేసిను మోగింది.

ఈ రోజే వచ్చారా కూల్చేవాళ్ళు! మరుక్షణం తలుపులన్నీ ఒక్కసారే తెరుచుకున్నాయి. చీపుర్లు, పారలు, ఒకాయన చేతిలో గరిటె. "ఏరీ? ఎక్కడ?" అని అరుస్తూ మెట్ల మీదికి దూకారు. మలుపు దగ్గర కంగ్నుంగ్ పిన్ని కిటికీలోంచి సగం బయటికొచ్చి బేసిను వాయిస్తూ, "ఏరీ ఏంటి, అరుగో! కింద సామాను పెట్టుకుని నిలబడ్డారు. మొయ్యండి!" అంది.

"ఒసే, దీనికా బేసిను మోగించావు? నాకు ప్రాణం పోయింది!" అని గరిటె ఆయన.

"పోతే పోయింది, చేతులున్నాయిగా!"

ఎంత తిట్టుకున్నారో! తిట్టుకుంటూనే చీపుర్లు గోడకి ఆనించి, కింద నుంచి మలుపు దాకా మెట్టుకొకరు నిలబడ్డారు. బండి మీసాలోడు అందరికన్నా కింద. మొదటి పరుపు ఎత్తాడు. తరవాతి చేతుల్లోకి, ఆ తరవాతి చేతుల్లోకి. జాడీలు, కుట్టుమిషను, చివరికి అత్తయ్య పట్టుకున్న కుడుముల గిన్నె కూడా. దారిలో ఎవరో ఒక ముక్క తిన్నారు, వాసనకి ఆగలేక.

బోరికి ఆ మోతా వినపడలేదు, ఆ తిట్లూ వినపడలేదు. తెరుచుకున్న తలుపులు చూసింది. కొండ పొడవునా చేతులు చూసింది. మసి చేతులు, పిండి చేతులు, తొడుగులున్నవి, లేనివి. తలెత్తి పైదాకా, మంచులో కలిసిపోయేదాకా చూసింది. నెమ్మదిగా చొక్కా చేతుల్లోంచి పది వేళ్ళూ బయటికొచ్చాయి. వెళ్ళి వరసలో నిలబడింది. మీసాలోడు ఎంతో గంభీరంగా మూకుడు మూత ఒకటి అందించాడు. అది అందుకుని పైవాళ్ళకి ఇచ్చింది.

మొన్న అత్తయ్యని మా పెద్దబావగారు వచ్చి తీసుకెళ్ళారు. పోతూ పోతూ గుమ్మానికి ఉప్పు చల్లి, పిన్ని చేతులు పట్టుకుని చాలాసేపు నిలబడింది.

క్షేమమేనా అని నిన్ను ఎన్నిసార్లు అడిగానో! ఇప్పుడు నువ్వడిగితే ఏం చెప్పాలో తెలియదు. ఈ వారం కింది వరసలో ఇంకో ఇంటికి సున్నా చుట్టారు. వచ్చే ఏడాదికి ఈ గోడ ఉంటుందో లేదో పిన్నికే తెలియదు. నేను రోజూ భయపడుతూనే పనికి వెళ్తున్నాను. మలుపు దగ్గరికి రాగానే నా అడుగు కూడా నెమ్మదిస్తోంది. అంతవరకే చెప్పగలను.

ఈ రోజు చాంద్రమానం లెక్కన ఏడాదిలో మొదటి పున్నమి. సందె వేళ చందమామ టైర్ల మీదికి వచ్చింది. బోరి ముందు నన్ను పిలవలేదు, తాడు లాగింది. పిన్ని చీపురు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. బోరి చందమామని చూపించింది. ఇద్దరూ గుమ్మంలో నిలబడి చూశారు. తిట్టబోయిన పిన్ని చీపురు గోడకి ఆనించింది.

కింద బోరి నీకు స్వయంగా రాసింది. నీ పేరు ఎర్ర క్రేయాన్‌తో రాసింది. ఆపబోయి మానుకున్నాను, నీకు అలాంటి పట్టింపుల్లేవుగా. నేను ఏమీ దిద్దలేదు. అత్తయ్య చూస్తే మాత్రం గుండె పట్టుకుంటుంది.

నీ అక్క
యోన్‌హ్వా

హన్‌గిల్ మామయ్యా,
ఇక్కడ సోన్ ఉంది. బోలెడంత ఉంది. నువ్వూ తొందరగా రా.
బోరి